అక్కయ్యకి అదనపు బాధ్యత

ముప్పై రోజుల్లో ప్రభుత్వ కార్యాలయాల్లో మానసిక ఒత్తిడి అనేదే లేకుండా చేస్తామని మంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటన చదువుతూ ఆయన మైకు సర్దేవాణ్ణి రెండుసార్లు కసిరారు గానీ, అప్పటికింకా గడువు మొదలవలేదు.

జనన మరణ ధ్రువపత్రాల ఆఫీసులో ఈ వార్తకి నిజంగా సంతోషించింది అక్కయ్య ఒక్కతే. వాచ్‌మన్ నుంచి అధికారి దాకా అందరికీ ఆవిడ అక్కయ్యే. జననాలకొకరు, మరణాలకొకరు, సవరణలకొకరు ఉండాల్సిన సెక్షన్లో ఇద్దరు రిటైరై నాలుగేళ్లయింది. వాళ్ల పనంతా ఆవిడ నెత్తినే పడింది. జనం పుట్టడమూ మానలేదు, పోవడమూ మానలేదు. ఈమధ్య ఆవిడకి గుండెదడ మొదలైంది. నెల రోజులు విశ్రాంతి తీసుకోకపోతే ఆ తర్వాత తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరు తేల్చి చెప్పాడు. మూడుసార్లు సెలవడిగితే, మీరు లేకపోతే ఆఫీసే లేదని అధికారి మూడుసార్లూ మెచ్చుకుని పంపించాడు.

ఇంతలో ఒత్తిడి ఫారాలు వచ్చాయి. పేరు రాయనక్కర్లేదు, అంతా రహస్యం. ఆ రహస్యం ఎవరిదో తెలియడానికి ఉద్యోగి నంబరు వేస్తే చాలు. మిగతావాళ్లు లోకం తెలిసినవాళ్లు కాబట్టి ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టి టీకి వెళ్లిపోయారు. అక్కయ్య మాత్రం వెనకాముందూ చూడకుండా, ముగ్గురి పని ఒక్కదాన్నే చేస్తున్నానని, పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయని రాసిచ్చింది.

అధికారి అధ్యక్షతన కమిటీ రెండు రోజులు తలలు బద్దలుకొట్టుకుని, ఒత్తిడికి మూలం ఆ ఖాళీ కుర్చీలేనని కనిపెట్టింది. మధ్యాహ్నానికల్లా రెండింటినీ ఎత్తించి కమిటీ గదిలో వేయించారు. ‘ముప్పు గుర్తించడమైనది, తొలగించడమైనది’ అని రిజిస్టరులో రాశారు. ఇంతటి మేధావుల దగ్గర పనిచేసే భాగ్యం ఎందరికుంటుంది? అక్కయ్యకి మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఆదివారం ఊపిరి పీల్చడంలో శిక్షణ పెట్టారు. రానివాళ్లకి మెమో ఇస్తామన్నారు. మూడు గంటలు ఆలస్యంగా వచ్చిన శిక్షకుడు గాలి గట్టిగా పీల్చి వదలమన్నాడు. అందరూ పీల్చి, వదిలి, హాజరుపట్టీలో సంతకాలు పెట్టారు.

తర్వాత ప్రతి ఆఫీసుకీ ఒత్తిడి నివారణ నోడల్ ఆఫీసరు ఉండాలని ఉత్తర్వు వచ్చింది. ఒత్తిడి గురించి ఫారంలో రాసింది అక్కయ్యే కాబట్టి ఆ రంగంలో అనుభవం ఆవిడకే ఉందని అధికారి ఆ పనీ అప్పగించాడు. రోజూ అందరి దగ్గరికీ వెళ్లి అడిగి, ఒత్తిడి ఉన్నవాళ్లెందరో సాయంత్రం పైకి తెలపాలి. ఉందని చెప్పేంత ధైర్యం ఎవరికీ లేదు. మూడు వారాలు సున్నాలే వెళ్లాయి.

ఇరవై తొమ్మిదో రోజు అక్కయ్యకి సీట్లోనే కళ్లు తిరిగాయి. తేరుకుని, సెలవు చీటీ పట్టుకుని అధికారి గదికి వెళ్లింది.

“ఇంక నావల్ల కాదు సార్. నెల రోజులు సెలవు ఇప్పించండి.”

“నేనెందుకు కాదంటాను అక్కయ్యగారూ? కొత్త రూలు వచ్చింది కదా. ఒత్తిడి మీద సెలవంటే నోడల్ ఆఫీసరు విచారించి సిఫారసు చెయ్యాలి.”

“నోడల్ ఆఫీసర్ని నేనే కదండీ.”

“మరింకేం, పని తేలికైంది. విచారించుకోండి.”

అక్కయ్య విచారించుకుంది. దరఖాస్తుదారుకి ఒత్తిడి ఉన్నమాట నిజమని, సెలవు ఇవ్వవచ్చని రాసి సంతకం చేసింది. ఆ సాయంత్రం పైకి ‘ఒకటి’ అని వెళ్లింది. నాలుగేళ్లలో మొదటిసారి ఆవిడ హాయిగా ఇంటికెళ్లింది.

తెల్లవారేసరికి పై ఆఫీసులన్నీ గగ్గోలెత్తాయి. శాఖ మొత్తం మీద ఆ ఒక్కటే అడ్డం. చివరికి, నోడల్ ఆఫీసర్లు ఒత్తిడిని లెక్కపెట్టేవాళ్లే గానీ పడేవాళ్లు కారని వివరణ వెలువడింది. పదకొండింటికి మంత్రిగారు శాఖలో ఒత్తిడి సున్నా అని ప్రకటించి చప్పట్లు కొట్టించుకున్నారు.

ఆఫీసులో ఒత్తిడి పుట్టకుండా చూడలేకపోయినందుకు నోడల్ ఆఫీసరుకి మెమో ఇమ్మన్నారు. సంజాయిషీ తేలేదాకా సెలవు కుదరదట. టైపు చెయ్యడానికి వేరే మనిషి లేదు కాబట్టి ఆ కాగితం అక్కయ్య సీటుకే వచ్చింది. సగంలో ఉండగా ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. మిగతా సగం కుడిచేత్తో కొట్టి, అధికారి చేత సంతకం పెట్టించుకొచ్చి, ‘అందినది’ అని తనే రాసుకుంది.