తెగని గడ్డం కత్తి మహిమ

గడ్డం గీసే కత్తికి పదును ఉండకూడదు. ఈ మాట కోపంలో అంటున్నది కాదు. చెంపల మీద నాలుగు ప్లాస్టర్లు ఉన్నా, పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను.

నవ్వకండి. పదునున్న కత్తి ఏం చేస్తుంది? మూడు నిమిషాల్లో గడ్డం గీసేస్తుంది. ఆ తర్వాత మిగిలిన ఉదయమంతా మనిషి ఏమైపోవాలి? పాలు తేవాలి, కరెంటు బిల్లు వెతకాలి, భార్య చెప్పేది వినాలి! తెగని కత్తి ఉన్న ఇంట్లో ఈ బాధలేవీ ఉండవు. ఈ ఆర్నెల్లూ నేను అయిదింటికి మొదలుపెడితే ఎనిమిదికి ఎడమ చెంప అయ్యేది. కుడి చెంప సంగతి ఆఫీసు నుంచి వచ్చాక చూసుకునేవాణ్ణి. చేతిలో కత్తి పట్టుకున్నవాణ్ణి కూరగాయలు తెమ్మని ఎవరూ అడగరు.

అసలీ భాగ్యం నాకెలా పట్టిందో చెప్పాలి.

మా వీధి చివర ఒక సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, ఒక రేడియో, ఒక యజమాని. నా గడ్డం నల్లగా ఉన్నప్పటి నుంచి నెరిసేదాకా, ఇరవై ఏళ్లు ఆయనే గీశాడు. ప్రతి ఆదివారం ఆ కుర్చీలో వెనక్కి వాలి ఆయన కబుర్లు వినడం నాకు అలవాటు. గొంతు మీద కత్తి ఆడుతుంటుంది కాబట్టి జవాబు చెప్పాల్సిన పని కూడా ఉండదు. ఇంతకన్నా సుఖమైన స్నేహం ఇంకోటి ఉంటుందా?

ఆర్నెల్ల కిందట వెళ్లేసరికి గోడ మీద కొత్త రేట్ల బోర్డు. గడ్డానికి ఒక కప్పు టీ డబ్బులు పెరిగాయి. సరిగ్గా ఆ నెలలోనే మా ఆఫీసువాళ్లు నా జీతంలో కోత పెట్టి, దానికి పునర్వ్యవస్థీకరణ అని నోరు తిరగని పేరు పెట్టారు. వాళ్లని ఏమీ అనలేను కదా, అందుకని బోర్డు మీద అలిగాను. ఏదో పని గుర్తొచ్చిందని గొణిగి గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. ఆయన కంటపడకుండా బస్‌స్టాప్‌కి వెనక సందులోంచి వెళ్లడం మొదలుపెట్టాను. నిజం చెప్పొద్దూ, ఆదివారాలు చప్పగా తయారయ్యాయి. తిరిగి వెళ్దామంటే మొహం చెల్లలేదు.

అప్పుడు రంగంలోకి దిగాడు మా బావమరిది. పొదుపు మీద వీడియోలు చూడటం అతని వృత్తి. ఇలాంటి కష్టం కోసమే ఎదురు చూస్తున్నట్టు, ఆన్‌లైన్లో ఒక కత్తి పట్టుకొచ్చాడు. బ్లేడు మార్చే రకం కాదు, పిడిలోకి మడిచే అసలైన మంగలికత్తి. పిడి మీద డేగ బొమ్మ, పైన ముఖమల్ సంచీ ఉచితం. ఒక్కసారి కొంటే మనవడి దాకా వస్తుందన్నాడు. నాకున్నది ఒక్క కూతురు, దానికింకా పదకొండేళ్లు. అయినా దూరాలోచన మంచిదే కదా అని కొన్నాను.

మనవడి దాకా రావాలంటే మధ్యలో పదును పెట్టాలట. అందుకు అయిదు రకాల సానరాళ్లు కావాలని వీడియోలో గడ్డపాయన చెప్పాడు. ఆ రాళ్ల ధరకి ఇల్లు కట్టుకునే రాళ్లొస్తాయి! (గడ్డం గీసుకోవడం నేర్పేవాడికి అంత గడ్డం ఎందుకుందో నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.) సరే, తక్కువ ఖర్చులో పదును అనే వీడియోకి వెళ్లాం. పింగాణీ కప్పు బోర్లించి, అడుగున గరుకుగా ఉండే అంచు మీద నూరమన్నారు. నూరాను. ఒక కప్పు చాలక ఆరు కప్పులూ నూరాను. ఇప్పుడు మా ఇంట్లో ఏ కప్పు తిప్పి చూసినా అడుగున నల్లటి గీతలే. మా ఆవిడ మాత్రం స్టీలు గ్లాసులోకి మారిపోయింది.

నూరాక తోలు మీద సానపట్టాలి. నా దగ్గరున్న అసలు తోలు ఆఫీసుకి పెట్టుకెళ్లే బెల్టొక్కటే. కిటికీ చువ్వకి తగిలించి అటూ ఇటూ లాగాను. ఆశ్చర్యం చూడండి, ఒక్క వెంట్రుక తెగని కత్తికి బెల్టు రెండు ముక్కలైంది! ఆ రోజు మీటింగులో ప్యాంటు జారకుండా రెండు చేతులూ బొడ్డు దగ్గర కట్టుకుని గంటసేపు నిలబడ్డాను. నా వినయానికి మా మేనేజరు కరిగిపోయి అందరి ముందూ మెచ్చుకున్నాడు. పదునున్న కత్తి ఎవరికైనా ఇంత గౌరవం తెచ్చిపెట్టిందా?

బెల్టు పోయాక దినపత్రిక మడతపెట్టి దాని మీద లాగాను. క్రీడల పేజీ మెత్తన, వ్యాపారం పేజీ గరుకు. నా కాలమ్ వచ్చే పేజీ దేనికీ పనికిరాదని మా ఆవిడ తేల్చింది. పరిశోధన కోసమే అడిగాను కాబట్టి బాధపడలేదు.

కారు అద్దం సగం దించితే, ఆ పై అంచు ఖరీదైన సానరాయికి తీసిపోదని ఇంకో వీడియో. నాకు కారు లేదు. పక్కింటాయనకి ఉంది. పొద్దున్నే పార్కింగులో ఆయన కారు అద్దం సగం దించి ఉండటం చూసి, మెల్లగా వెళ్లి కత్తి విప్పి అంచు మీద ఆనించాను. లోపల ఆయన సీటు వాల్చుకుని ఫోన్ మాట్లాడుతున్న సంగతి నేను చూడలేదు. ఆయన ఫోను వదిలేసి, మారు మాట్లాడకుండా పర్సూ వాచీ తీసి నా చేతిలో పెట్టాడు. ఎంత వివరించినా ఆయన వాటిని వెనక్కి తీసుకోవడానికి అరగంట పట్టింది. అప్పటి నుంచి లిఫ్టులో నన్ను ఒక్కణ్ణే వెళ్లనిస్తున్నారు. ఇదీ కత్తి చలవే!

పదును వచ్చిందో లేదో ముంజేతి వెంట్రుకల మీద పరీక్షించాలట. గీకి గీకి నా ఎడమ చెయ్యి మోచేతి దాకా పసిపిల్లవాడి చెయ్యిలా తయారైంది. తర్వాత బావమరిది చెయ్యి వైపు చూశాను. అతను రావడం మానేశాడు. లాభాలు ఎన్నని చెప్పను?

మొన్న మందుల షాపులో ప్లాస్టర్లు కొంటుంటే పక్కన ఎవరో నిలబడ్డారు. మా సెలూన్ ఆయన! పారిపోవడానికి దారి లేదు. ఆయన పలకరించలేదు, ఎందుకు రావట్లేదని అడగలేదు. రెండు వేళ్లతో నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పాడు. ఒక చెంప చూశాడు, రెండో చెంప చూశాడు. నిట్టూర్చి, తన మందులు తీసుకుని వెళ్లిపోయాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు కత్తి సంచీలో వేసుకుని వెళ్లాను. గడ్డం కోసం కాదు సుమా, సాన పట్టించుకోవడానికి మాత్రమే! ఆయన కత్తి విప్పి, గోటి మీద ఒక్కసారి ఆనించి, మడిచి నా చేతికిచ్చేశాడు.

"దీనికి పదును రాదు సార్. షోకేసులో పెట్టుకునే బొమ్మ ఇది. మీరు జన్మంతా నూరినా ఇంతే."

ఆరు కప్పులూ ఒక బెల్టూ నా కళ్ల ముందు తిరిగాయి. ఈలోగా ఆయన కుర్చీ దులిపి తువ్వాలు విదిల్చాడు. కూర్చున్నాను. ప్లాస్టర్ల చుట్టూ జాగ్రత్తగా తిరుగుతూ, ఆర్నెల్ల కిందట సగంలో ఆపిన కబురు సగంలోంచే అందుకున్నాడు. వాళ్ల పెద్దమ్మాయి మూడోసారికి డ్రైవింగ్ టెస్టు పాసైందట. ఆ సంగతి తెలియకుండా ఇన్నాళ్లు ఎలా బతికానో!

లేచి బోర్డు మీదున్న రేటు ప్రకారం డబ్బులిచ్చాను. టీ డబ్బులు తిరిగి నా జేబులో వేశాడు.

"మీకు పాత రేటే సార్. ఆ రోజు అడిగుంటే అప్పుడే చెప్పేవాణ్ణిగా."

ఇప్పుడు చెప్పండి పాఠకులారా. ఆ కత్తి నిజంగా తెగి ఉంటే నేనింకా ఇంట్లోనే గీసుకుంటూ, వెనక సందులోంచే తిరుగుతూ ఉండేవాణ్ణి కాదూ? అందుకే పదును ఉండకూడదంటున్నాను. బావమరిది పంపిన నలభై రెండు పొదుపు వీడియోలూ నేను చివరిదాకా చూశాను. రాయి లేకుండా, తోలు లేకుండా, పైసా ఖర్చు లేకుండా ఏదెలా చేసుకోవాలో అన్నీ చెప్పారు. 'ఈ నెల నా చేతిలో డబ్బు లేదయ్యా, కాస్త చూడు' అని తెలిసినవాణ్ణి అడగడం కూడా ఉచితమేనని ఒక్కడంటే ఒక్కడు చెప్పలేదు!