అమృతవల్లిగారి కోతులు

మనిషికి పెరడునిచ్చినవాడు దేవుడే కావచ్చు గానీ, ఆ పెరట్లోకి వచ్చిపోయే ప్రతి ప్రాణికీ ఒక యజమాని ఉండితీరాలని కనిపెట్టిన ఘనత మాత్రం పెరటి వన్యప్రాణుల సమన్వయ విభాగానిదే. ఆ విభాగం పుట్టకముందు కోనసీమలో ఉడుతలూ కొంగలూ ముంగిసలూ ఎవరికీ చెందకుండా, ఏ గుర్తింపూ లేకుండా, పైగా దానికేమీ సిగ్గుపడకుండా బతికేసేవి.

అమృతవల్లిగారు అమలాపురం శివార్లలో, వనశ్రీ నగర్‌లో ఉంటారు. (కొబ్బరితోట నరికి వేసిన లేఅవుట్లకే వనం పేరు పెట్టాలని ఎక్కడో నిబంధన ఉండి ఉండాలి.) ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడకి ఇంటి ముందుభాగంతో పెద్దగా పని లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లో కూర్చుంటారు. మందారం గుబురులో జెముడుకాకి బొంగురుగొంతుతో ఎవరినో కేకలేస్తుంటుంది. వెనక బోదె గట్టుమీద లకుముకి పిట్ట కదలకుండా నీళ్ళకేసి చూస్తుంటుంది. బట్టలుతికే బండ కింద ఒక ముంగిస ఈమధ్యే పిల్లల్ని పెట్టింది. అది కాపురానికి వచ్చినప్పట్నించీ చేలవైపు నుంచి వచ్చే పాములు దారి మార్చుకున్నాయి. వీటన్నిటితోనూ ఆవిడకి ఏ పేచీ లేదు.

పేచీ అంతా కోతులతోనే. జామకాయ పండేదాకా ఆగే ఓపిక వాటికి లేదు. ఒక్కొక్క కాయనీ ఒక్క కొరుకు కొరికి, నచ్చలేదన్నట్టు కింద పడేస్తాయి. వాటర్ ట్యాంకు మూత తీసి అందులో స్నానాలు చేస్తాయి. ఆ నీళ్ళతో తాము కూడా స్నానం చేస్తున్నామని తెలిసిన రోజున అమృతవల్లిగారు, విభాగంవారి ‘పెరటి నేస్తం’ యాప్ ఫోన్లో వేయించుకున్నారు.

యాప్ చాలా మర్యాదగా నమస్కారం పెట్టి, జంతువు పేరు అడిగింది. కోతి అని కొట్టారు. జంతువు యజమాని పేరు అడిగింది. ఆవిడ ఖాళీగా వదిలేశారు. అది తప్పనిసరి అని ఎర్రగా చెప్పింది. ‘లేరు’ అని కొట్టారు. ఇంటిపేరు కూడా కావాలంది. ‘దేవుడు’ అని కొడితే ఆధార్ నంబరు అడిగింది. చివరికి, ఎలాగో ఈ పేజీ దాటితే చాలనుకుని, ఆవిడ తన పేరే కొట్టారు. యాప్ సంతోషించి, పచ్చని టిక్కు పెట్టి, అభినందనలు తెలిపింది.

అభినందనలు ఎందుకో ఆవిడకి మర్నాడు విభాగంవారి పత్రం చేతికందాక తెలిసింది. వనశ్రీ నగర్ కోతులన్నిటికీ ఆవిడే నమోదిత యజమాని.

భర్త సుందరరామయ్యగారు ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇన్నేళ్ళకి మనకీ సంతానయోగం పట్టిందే వల్లీ,” అన్నారు.

ఆ సంగతి కాలనీ అంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. పక్కింటి చిన్నమ్మలు గోడమీంచి తొంగిచూసింది. ఆవిడ భర్త మస్కట్‌లో పనిచేస్తాడు.

“వల్లిగారూ, మీవాళ్ళు మా మేడెక్కి వడియాలన్నీ తినేసేరండి.”

“మావాళ్ళేంటమ్మా!”

“పేరు మీదేగదండీ. వడియాలంటే పోనిద్దురూ. మీ పెద్దాడు మా ఆయన పంపిన సెంటు సీసా ఎత్తుకుపోయేడండి. ఆ కొబ్బరిచెట్టుమీద కూర్చుని ఒళ్ళంతా కొట్టుకుంటన్నాడు. ఒక్కసారి మీరొచ్చి మందలించండి. మీ మాటైతే వింటాడు.”

అమృతవల్లిగారు తన జీవితంలో ఎందరో మొండిపిల్లల్ని దారిలో పెట్టిన మనిషి. అయినా కొబ్బరిచెట్టుకేసి ఒకసారి చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

నమోదు రద్దు చేయించుకుందామని విభాగానికి ఫోన్ చేస్తే, సహాయ సమన్వయకర్త నాగేంద్రబాబు స్వయంగా వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విప్పాడు. ఇచ్చిన కాఫీ మెచ్చుకుంటూ తాగాడు. అంత మర్యాదస్తుణ్ణి కోప్పడడం ఎవరివల్లా కాదు.

“రద్దు చెయ్యొచ్చండి. కోతులు మిమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయేయని రుజువుంటే చాలండి.”

“అవి వెళ్ళిపోతే నాకు ఫిర్యాదే లేదుగా బాబూ!”

“ఆయ్. అప్పుడు ఫిర్యాదు లేదు కాబట్టి, రద్దు అడిగే అవకాశం కూడా ఉండదండి.” అతను కప్పు కింద పెట్టాడు. “పోనీ, పట్టించేద్దామండి. బోను పంపిస్తాను.”

బోను వచ్చింది. జామచెట్టు కింద పెట్టారు. లోపల ఎరగా ఉడకబెట్టిన కోడిగుడ్లు పెట్టడం చూసి ఆవిడ ఆశ్చర్యపోయారు. “కోతికి గుడ్డెందుకు బాబూ? అరటిపండు పెట్టాలి గానీ.”

“మాకు నిధులు పౌష్టికాహారం పద్దు కింద వచ్చేయండి. అందులో గుడ్డే ఉందండి.”

కోతులు జామచెట్టుమీద కూర్చుని బోనుని శ్రద్ధగా పరిశీలించాయి. గుంపులోని పెద్దమగది దిగివచ్చి, ఒకసారి చుట్టూ తిరిగి, దాని పైకెక్కి కూర్చుంది. కూర్చోవడానికి బాగానే ఉన్నట్టుంది, మధ్యాహ్నందాకా దిగలేదు.

సాయంత్రం బోను తలుపు పడిన చప్పుడైంది. అమృతవల్లిగారు పరుగున వెళ్ళి చూస్తే, లోపల తల్లి ముంగిస. కమ్మీలకి మూతి పెట్టి రుద్దుకుంటోంది. అప్పటికే మూతి మీద చర్మం లేచి, నెత్తురు కనిపిస్తోంది. బండ కిందనుంచి పిల్లలు సన్నగా కీచుమంటున్నాయి. వాటిలో ఒకటి బొరియ అంచుదాకా వచ్చి, తల్లి ఎక్కడుందో తెలియక మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ బోను తలుపు లాగారు. తాళం పడిపోయింది. తాళంచెవి విభాగంలో ఉంది.

ఫోన్ చేసిన కాసేపటికి నాగేంద్రబాబు బండితో వచ్చాడు. వస్తూనే ఫొటో తీసి, “చాలా సంతోషమండి. కోతి ఒకటి పడింది,” అన్నాడు.

“కళ్ళు కనిపిస్తున్నాయా బాబూ? అది ముంగిస! పిల్లలతల్లి. వదిలెయ్యండి.”

“ముంగిసే అనుకోండి. కానీ ఈ బోనుకి అనుమతి కోతికేనండి. ఇందులో పడ్డది ఏదైనా రికార్డు ప్రకారం కోతే. బండెక్కించి అడవికి పంపెయ్యాలండి. నాక్కూడా బాధగానే ఉందండి.” నిజంగానే అతని మొహంలో బాధ ఉంది. అయితే బోను ఎత్తడానికి చెయ్యి కూడా వేశాడు.

సుందరరామయ్యగారు బోనుకి అడ్డంగా నిలబడ్డారు. చిన్నమ్మలు గోడవతల నుంచి, “అయ్యో, పాపం కదండీ! పిల్లలేడుస్తన్నాయి వినపడట్లేదేటండి?” అని అరిచింది. అమృతవల్లిగారు మాత్రం బోర్డు మీద లెక్క తేలక ఆగినప్పటిలా ఒక్క క్షణం నిలబడి, తరువాత చాలా నెమ్మదిగా అడిగారు.

“అయితే ఇది కోతేనంటారు.”

“ఆయ్.”

“వనశ్రీ నగర్ కోతులన్నిటికీ యజమానిని నేనేనంటారు.”

“ఆయ్. మీరేనండి.”

“మరి నా కోతిని నాకిచ్చెయ్యండి.”

నాగేంద్రబాబు చెయ్యి బోనుమీదే ఆగిపోయింది. ఫోన్ తీసి నిబంధనలు చదివాడు. మళ్ళీ మొదట్నించి చదివాడు. యజమాని ఎదుట ఉన్నప్పుడు జంతువుని యజమానికే అప్పగించవలెను. అతని మొహం విప్పారింది. “చట్టమండి! ఇక్కడో సంతకం పెట్టెయ్యండి.”

‘కోతి ఒకటి, ఆరోగ్యముగా అందినది’ అన్నచోట అమృతవల్లిగారు సంతకం పెట్టారు. తాళం తీయగానే ముంగిస గడ్డిలోంచి ఒక గీతలా సాగి, బండ కిందికి దూరింది. కీచుమనడం ఆగింది. ఆవిడ అక్కడే గట్టుమీద కూలబడి, కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. సుందరరామయ్యగారు లోపలికి వెళ్ళి, అడగని కాఫీ కలిపి తెచ్చారు.

ఆ వారంలోనే కాలనీ అందరి ఫోన్లకీ సందేశం వచ్చింది. నమోదైన కోతి పట్టుబడినందువల్ల, యజమానికి అప్పగించబడినందువల్ల, సమస్య పూర్తిగా పరిష్కారమైనదనీ, వనశ్రీ నగర్ కోతిరహిత ప్రాంతంగా ప్రకటించబడినదనీ అందులో ఉంది. ఆ ప్రకటన చదువుతున్న చిన్నమ్మలు చేతిలోంచి ఫోను పెద్దమగది లాక్కుని మేడెక్కింది.

చిన్నమ్మలు కేకలు విని అమృతవల్లిగారు తన ఫోన్ తీసి నాగేంద్రబాబుకి చేశారు. “కోతులు లేవన్నారు. మరి ఈ మేడమీద ఉన్నదేవిటి బాబూ?”

“ఆయ్, అది పక్క మండలందై ఉంటుందండి,” అన్నాడతను ఏమాత్రం తడుముకోకుండా. “ఉండడం ఇక్కడున్నా, దాని లెక్క అక్కడేనండి. మీరు వాళ్ళకి ఫిర్యాదు చేసుకోవచ్చండి.”

ఆ పక్క మండలం కిందటి నెలలోనే కోతిరహితమైపోయిందన్న సంగతి ఆవిడకి అప్పటికింకా తెలియదు.