మహారాణి వదిలిన కుర్చీ

గడియారాలు బాగుచేసే ఆయనకి ఈమధ్య తుమ్మడం బాగా పట్టుబడింది. పిల్లి గదిలో అడుగుపెడితే చాలు, వరసపెట్టి తుమ్మి, పొడి కళ్లు తుడుచుకుని, "చూశావా, నీ మహారాణి నా ప్రాణం తీసేస్తోంది" అని భార్యతో అనేవాడు. నిజానికి ఆయన ప్రాణమంతా వాళ్ల నాన్న వాడిన మెత్తల కుర్చీ మీద ఉంది. మహారాణి దాన్ని ఆక్రమించి చాలాకాలమైంది.

భార్య ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. రోజంతా మైక్రోస్కోపులోకి చూసే మనిషికి మొగుడి ముఖం చదవడం ఒక లెక్కా? అయినా ఇల్లంతా తుడిచి, పిల్లిని చంకనెత్తుకెళ్లి పక్కింటి పిన్నిగారికి అప్పగించింది. అంత తేలిగ్గా ఒప్పుకోవడమే ఆయనకి గుబులు పుట్టించింది.

ఆమె డ్యూటీకి వెళ్లగానే కుర్చీలో దర్జాగా కాళ్లు బారజాపాడు. ఇంట్లో చడీచప్పుడు లేదు. కిటికీలోంచి పడ్డ ఎండలో దుమ్ము మెల్లగా తిరుగుతోంది. ఫ్యాను లేదు, గాలి లేదు, అయినా తిరుగుతోంది.

మెడ మీద ఏదో పాకినట్టయింది. తడిమితే పిల్లి వెంట్రుక. దులిపేశాడు. కాసేపటికి మోచేతి మీద ఇంకొకటి. లేచి చూస్తే మెత్త మధ్యలో చిన్న గుంట. ఎంత సర్దినా మళ్లీ పడుతోంది, ఎవరో వచ్చి కూర్చున్నట్టు. ఆయన తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"పిల్లి పోయినా దాని ఒంటి పొట్టు నెలల తరబడి గోడల్ని పట్టుకునే ఉంటుందండీ" అంది భార్య, సాయంత్రం వెంట్రుకల సంగతి విని, తాపీగా చెప్పులు విప్పుతూ. "అసలు మీ తుమ్ములు దాని వల్లేనా అని నా అనుమానం. ఇలా రండి."

బల్ల మీద ల్యాబు వాళ్లు వదిలేసిన పాత మైక్రోస్కోపు పెట్టింది. ఆయన ఒక కన్ను మూసి చూశాడు. కళ్లులేని తెల్లటి ఎనిమిది కాళ్ల జీవులు, సొంత ఇంట్లో తిరుగుతున్నంత తీరిగ్గా నడుస్తున్నాయి.

"ఏంటే ఇవి?"

"దుమ్ము పురుగులు. మీ ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. పాపం, మిమ్మల్నే నమ్ముకున్నాయి."

"ఎక్కడివి?"

"కుర్చీలోవి. రేపు పొద్దున పాతసామాన్ల వాణ్ణి రమ్మన్నాను. ఇచ్చేద్దాం, తుమ్ములు వాటంతటవే పోతాయి."

ఆయనకి ఒళ్లు జలదరించింది. అయినా పరిగెత్తుకెళ్లి కుర్చీనే పట్టుకున్నాడు. నాన్న వేళ్లు రాసీ రాసీ నున్నబడ్డ చోటు చేతికి తగిలింది.

"వద్దే! నాకే రోగమూ లేదు. ఆ తుమ్ములన్నీ ఉత్త నటన!"

"గట్టిగా చెప్పండి, పిన్నిగారికి వినపడాలి."

చెప్పాడు. పక్కింటి తలుపు తెరుచుకుంది. మహారాణి తోక నిలబెట్టుకుని వచ్చి, ఆయన కాళ్ల సందులోంచి దూరి, కుర్చీ ఎక్కి పడుకుంది.

"కుర్చీకేం, వారం వారం ఎండలో పెట్టి దులుపుతున్నాను" అంది భార్య. "ఆ పురుగులు మీ దిండులోవి. ముట్టుకోనివ్వరుగా దాన్ని!"

ఆయన పడకగది వైపు చూశాడు. మంచం మీద దిండు, నడుమ తన తల పట్టేంత పల్లం.

"మరి నేనిప్పుడు ఎక్కడ వాలాలే?"

"మీ ఇష్టం. కుర్చీలో మహారాణి ఉంది. దిండులో మీవాళ్లున్నారు."