జిలేబి మారుమనస్సు

శనివారం పొద్దున్న కాలేబు వేసుకున్న పథకం చాలా చిన్నది. హాలిఫాక్స్ రేవులో ఫెర్రీ ఎక్కాలి. అవతలి ఒడ్డున డార్ట్‌మత్ చేరేలోపు సినిమాకు ఒక్క షాట్ తీసుకోవాలి. తిరుగు ఫెర్రీలో వెనక్కొచ్చి, అత్తగారు చేసిన పులిహోర తిని, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోవాలి. పొగమంచు కూడా మాట తప్పకుండా వచ్చి కిటికీ బయట నిలబడింది. ఊరు, రేవు, నీళ్లు అన్నీ కలిసిపోయి ఎవరో సగం చెరిపేసిన బొమ్మలా ఉన్నాయి. అలాంటి పొద్దున్న మనిషికి తన మీద తనకు లేనిపోని నమ్మకం కలుగుతుంది.

కాలేబు పదహారేళ్ల వయసులో హైదరాబాదులో ఒక టీవీ హాస్య సీరియల్లో జిలేబి అనే కుర్రాడి వేషం వేశాడు. జిలేబి నోరు తెరిస్తే అబద్ధం, దొరికిపోతే కళ్లు తేలేసి కట్టెలా వెనక్కి పడిపోవడం. ఆ పడిపోవడం చూసి రాష్ట్రమంతా నవ్వింది. సీరియల్ ఆగిపోయింది గాని జిలేబి కాలేబును వదల్లేదు. అతను రక్షణ పొందాడు, బాప్తిస్మం తీసుకున్నాడు, ఏనీని పెళ్లాడాడు, కెనడా వచ్చి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగంలో చేరాడు. అయినా తెలుగువాడు ఎదురుపడితే చాలు, "అన్నా, ఒక్కసారి పడిపోవా" అని అడగడమే. తెలుగు క్రైస్తవ సంఘంలో మొదటిసారి సాక్ష్యం చెప్పడానికి లేచి, "నేను పాపిని" అనగానే వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు బెంచీ బెంచీ దాటుకుంటూ ముందుదాకా వచ్చింది.

ఆ రోజు నవ్వనివారు ఒక్కరే. ఆయన కాలేబు మామగారు విజయరత్నం. నరసాపురంలో హెడ్మాస్టరుగా రిటైరై, కూతురి దగ్గరికి వచ్చి, ఇక్కడ సంఘపెద్దగా స్థిరపడ్డారు. ఆయన అల్లుడి ముఖం చూసి ఎన్నడూ నవ్వలేదు. ఎవరికైనా పరిచయం చేయవలసి వస్తే "మా ఏనీ భర్త" అనేవారు తప్ప "మా అల్లుడు" అని అనేవారు కాదు. ఊరంతా నవ్వినందుకు కాలేబుకు ఎంత బాధో, ఈయన ఒక్కరూ నవ్వనందుకు అంతకు రెట్టింపు బాధ.

అందుకే అతను క్రైస్తవ సినిమా తీయడానికి పూనుకున్నాడు. చిన్నదే, పావుగంట ఉంటుంది. చీకటి హాల్లో జనం ముక్కులు చీదుకుంటూ ఉంటారనీ, తెర మీద తన ముఖం కనిపించినా ఒక్కరూ నవ్వరనీ, దీపాలు వెలిగాక మామగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారనీ కాలేబుకు తరచూ ఒక కల. ఎక్స్‌రే గదిలో రోగిని ఊపిరి బిగబట్టమని చెప్పి, తాను ఆ కలలో పడి, వదలమని చెప్పడం మరిచిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

కథ మామూలే. ఇల్లు విడిచి ఓడల్లో తిరిగిన కొడుకు వెనక్కొస్తాడు. ఫెర్రీ మీద తండ్రి అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తాడు. కొడుకు వేషం కాలేబుదే. తండ్రి వేషానికి ఎవరూ దొరక్క చివరికి మామగారినే అడిగాడు.

"నటించడం నాకు చేతకాదు. ప్రార్థన చెయ్యమంటే చేస్తాను," అన్నారాయన.

"మాకు కావలసింది అదే, మామయ్యగారూ," అన్నాడు కాలేబు.

కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే గాని, గోక్కునేటప్పుడు ఎవరికీ తెలియదు.

కెమెరా పని చక్రధర్‌కు అప్పగించాడు. చక్రధర్ పక్కింటి సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. పుట్టినరోజులూ గృహప్రవేశాలూ సరదాగా వీడియో తీస్తుంటాడు. అతను క్రైస్తవుడు కాదు. ఒకసారి సంఘానికి వచ్చి ప్రార్థన జరుగుతుండగా దిక్కులు చూస్తుంటే, కాలేబు అత్తగారు దయావతి చెవి దగ్గరగా వంగి, "ప్రార్థనలో కళ్లు మూసుకోవాలి బాబూ" అని మెల్లిగా చెప్పింది. అతను మర్యాదస్తుడు. చెప్పిన మాట మరిచేవాడు కాదు.

ఫెర్రీ కదిలింది. సంఘంవాళ్లు పది పన్నెండుమంది ప్రయాణికుల్లా బెంచీల మీద సర్దుకున్నారు. పులిహోర నింపిన పొడుగాటి స్టీలు డబ్బాను ఒళ్లో పెట్టుకుని దయావతి మధ్యలో కూర్చుంది. చక్రధర్ కెమెరాను స్టాండు మీద బిగించాడు. తాను కట్ అనేదాకా ఆపవద్దని కాలేబు అతనికి ఒకటికి రెండుసార్లు చెప్పి, యాక్షన్ అని, పరుగున వెళ్లి మామగారి ముందు మోకాళ్లూనాడు.

"కృపగల మా పరలోకపు తండ్రీ," అని మొదలుపెట్టారు విజయరత్నం.

అంతే. ఒకే దారం లాగినట్టు తలలన్నీ వంగాయి, కళ్లన్నీ మూతపడ్డాయి. అమ్మ ఒడిలో నేర్చుకున్న అలవాటు అది. నటనా కాదా అని కళ్లు అడగవు. కాలేబు కళ్లూ మూతపడ్డాయి. కెమెరా మీద చెయ్యి వేసి ఉంచి, అందరికంటే గట్టిగా చక్రధర్ కళ్లు మూసుకున్నాడు.

కాలేబు రాసిచ్చింది రెండే రెండు వాక్యాలు. కాని విజయరత్నంగారు రెండు వాక్యాలతో భోజనానికి కూడా ప్రార్థన చేసినవారు కారు. ముందు సముద్రం కోసం స్తోత్రం చెల్లించారు. తరువాత ఫెర్రీ కోసం, దాన్ని నడిపేవాడి కోసం, కెనడా ప్రభుత్వం కోసం ప్రార్థించారు. ఆ పైన సంఘంలో ఒక్కొక్కరి పేరూ ఎత్తుకున్నారు. సుప్రజ వర్క్ పర్మిట్, జనార్ధనరావు మోకాలు, చక్రధర్ శాశ్వత నివాసపు పీఆర్ అప్లికేషన్. తన పేరు వచ్చేదాకా కదలడానికి ఎవరికీ మనసొప్పదు. వచ్చాక కదలడం మర్యాద కాదు.

కట్ అనవలసినవాడేమో మోకాళ్ల మీద ఉన్నాడు. ప్రార్థన మధ్యలో కట్ అన్నవాడు ఆ సంఘంలో ఇంతవరకూ పుట్టలేదు. మొదట్లో కాలేబు కంగారుపడ్డాడు. తరువాత తల మీద ఆ చేతి బరువు, కింద ఇంజను గురగుర, పొగమంచులో ఎక్కడో మోగే బూరా, అన్నీ కలిసి అతన్ని నెమ్మదిగా ఊపసాగాయి. చిన్నప్పుడు కన్వెన్షన్ పందిట్లో చాప మీద నిద్రపోతుంటే పైన పెద్దవాళ్ల ప్రార్థనలు వానలా కురుస్తుండేవి. ఆ హాయి మళ్లీ వచ్చింది. ఏ ఒడ్డూ కనబడని చోట, కళ్లు మూసుకుని, తేలిపోతున్నట్టుగా ఉంది. సినిమా సంగతి అతనికి గుర్తే లేదు.

ఫెర్రీ డార్ట్‌మత్ చేరింది. జనం దిగారు, కొత్తవాళ్లు ఎక్కారు. వీళ్లను దిగమని చెప్పడానికి ఎర్ర గడ్డం సిబ్బంది కుర్రాడు వచ్చి, చూసి, ఆగిపోయాడు. వంగిన తలలు, వణుకుతున్న ముసలి గొంతు. మధ్యలో మూతపెట్టిన లోహపు పాత్రను రెండు చేతులా పొదివి పట్టుకున్న పెద్దావిడ. ఆమె కళ్లవెంట నీళ్లు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఆయన కాలం చేసిన ఆమె చెల్లెలిని తలచుకున్నారు. ఆ ఊళ్లో అస్థికలు సముద్రంలో కలిపే కుటుంబాలను ఆ కుర్రాడు ఇంతకుముందు చూసి ఉన్నాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకుని, వెళ్లి కెప్టెన్‌తో చెప్పాడు. ఫెర్రీ వాళ్లతోపాటే తిరుగుముఖం పట్టింది. మైకులో ఏదో మెత్తగా చెప్పారు. ప్రయాణికులు ఫోన్లు లోపల పెట్టేశారు.

రేవు మధ్యకు వచ్చాక ఇంజను సద్దు తగ్గింది. విజయరత్నంగారికి అది దేవుడి జవాబులా తోచింది. గాలినీ సముద్రాన్నీ గద్దించిన దేవా అని స్తుతించి, కొత్త ఊపిరితో టొరంటో దగ్గరి స్కార్‌బరోలోని బంధువుల జాబితా మొదలుపెట్టారు.

కుర్రాడు దయావతి భుజం తాకాడు. ఆమె కళ్లు తెరిచింది. అతను డబ్బా వైపు చూపించి, నీళ్ల వైపు చూపించి, తొందరేమీ లేదమ్మా అన్నట్టు ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఆమెకు వెంటనే అర్థమైంది. టొరంటో ఎయిర్‌పోర్టులో ఆఫీసరు కూడా అచ్చం ఇంత మర్యాదగానే ఆవకాయ సీసా వైపు, ఆ తరువాత చెత్తబుట్ట వైపు చూపించాడు. ఈ దేశంలో ఎంత మెత్తగా చెబితే అంత గట్టి రూలని ఆమె అప్పుడే తెలుసుకుంది. ఫెర్రీలో బయటి తిండి పనికిరాదు కాబోలు. ప్రార్థన మధ్యలో ఎవరినీ అడగడానికి లేదు.

ఆమె లేచి ఫెర్రీ అంచున కటకటాల దగ్గరికి వెళ్లింది. తెల్లవారకముందే లేచి చింతపండు పులుసు కాచి, ఇంగువ పెట్టి, జీడిపప్పు వేయించి చేసిన పులిహోర. మూత తీసి చివరిసారి వాసన చూసుకుంది. దుఃఖం ఆగలేదు. వెక్కివెక్కి ఏడుస్తూ డబ్బా వంచేసింది. పసుపుపచ్చని మెతుకులు పొగమంచులోకి రాలిపోయాయి. ప్రయాణికులు తలలు వంచారు. మరుక్షణం రేవులో ఉన్న సీగల్ పక్షులన్నీ అరుచుకుంటూ దిగాయి. అంతటి అపచారం చూడలేక కుర్రాడు కళ్లనీళ్లతో టోపీ ఊపుతూ వాటిని తోలసాగాడు.

అదే సమయంలో ఒక తెల్ల ముసలావిడ కాలేబు వీపు నిమిరి, మీ నష్టానికి చింతిస్తున్నానంది. కెనడాలో చాలాకాలంగా ఉన్నవాడు కనుక, కళ్లు తెరవకముందే థాంక్యూ అన్నాడు. ఆ తరువాత కళ్లు తెరిచాడు. టోపీలు తీసిన మనుషులు, ఏడుస్తున్న అత్తగారు, పక్షుల ముక్కుల్లో జీడిపప్పులు. సంగతంతా ఒక్కసారిగా బోధపడింది. జిలేబి అయితే ఈపాటికి వెనక్కి పడిపోయేవాడే. కాని తల మీద చెయ్యి ఉంది. సరిగ్గా అప్పుడు ఆ చెయ్యి బిగుసుకుంది.

"ప్రభువా, వీడు మా అల్లుడు," అన్నారు విజయరత్నం. "ఇతని బొమ్మ టీవీలో వచ్చే రోజుల్లో నేను గది తలుపేసుకుని చూసేవాణ్ని. పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ని. నీకు తెలుసు, దయావతికి తెలీదు. సంఘపెద్దని కదా అని ఇన్నాళ్లూ ఇతని మొహం చూస్తే వచ్చే నవ్వు బిగబట్టుకుంటున్నాను తండ్రీ. ఇంక నావల్ల కావట్లేదు. ఇతను నవ్వించింది నువ్విచ్చిన వరంతోనే. అది నాతో ఒప్పించు."

కాలేబు ముఖం కెమెరా వైపే ఉంది. ఆ ముఖం మీద కన్నీళ్లు ధారకట్టాయి. సంతోషమో, ఇన్నేళ్ల బరువు దిగిన నొప్పో అతనికే తెలియలేదు. పక్కన ముసలావిడ, వెనక పొగమంచులో గిరికీలు కొట్టే తెల్లని పక్షులు, తల మీద ముడతలు పడ్డ చెయ్యి. ఏ దర్శకుడూ అడిగి తెచ్చుకోలేని షాట్ అది. కళ్లు గట్టిగా మూసుకున్న చక్రధర్ ముందు కెమెరా దానంతటది తిరుగుతూనే ఉంది.

ఆమేన్ అయ్యాక కాలేబు ఎర్ర గడ్డం కుర్రాణ్ని పక్కకు పిలిచి, ఎవరూ పోలేదనీ, ఇది సినిమా అనీ, పోసింది అన్నమనీ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కుర్రాడు టోపీ మళ్లీ తల మీద పెట్టుకున్నాడు. కెప్టెన్ ఈ మధ్యనే తల్లిని పోగొట్టుకున్నాడనీ, పైన తన గదిలో ఒంటరిగా ఏడుస్తున్నాడనీ, దయచేసి ఆయనకు మాత్రం చెప్పవద్దనీ బతిమాలాడు. ఒడ్డుకు చేరాక విజయరత్నంగారు పులిహోర ఏదని అడిగారు. "రూలంటే రూలే కదండీ," అంది దయావతి. ప్రార్థనలో అన్న మాటలను బయట ఎత్తే ఆచారం లేదు గనుక ఆయన ఆ నవ్వు సంగతి ఎత్తలేదు, కాలేబూ ఎత్తలేదు.

తరువాతి ఆదివారం సాయంత్రం చర్చి కింది హాల్లో సినిమా వేశారు. కాలేబు అందరికీ వెనగ్గా, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ ముఖాన్ని, ఆ కన్నీళ్లను ఇప్పుడు మామగారు చూస్తారు, అందరూ చూస్తారు. దీపాలు ఆరాయి. పొగమంచులోంచి ఫెర్రీ కలలాగా వచ్చింది.

"కృపగల మా పరలోకపు తండ్రీ," అంది తెర.

హాల్లో తలలన్నీ ఒక్కసారిగా వంగాయి.

కాలేబుకు వెనకనుంచి మెడలూ ముడులూ తప్ప ఏమీ కనబడలేదు. తెర మీద అతని ముఖం నిండుగా వెలిగింది, కన్నీళ్లు జారాయి, పక్షులు తిరిగాయి, పులిహోర మునిగింది. ఒక్కరూ నవ్వలేదు. ఒక్కరూ చూడలేదు. ముందు వరుసలో చక్రధర్ కళ్లు చికిలించి మరీ మూసుకున్నాడు. "దయావతికి తెలీదు" అన్నచోట, ఫెర్రీలో కటకటాల దగ్గరుండి ఆ మాట వినని దయావతి, కళ్లు తెరవకుండానే భర్త పక్కటెముకల్లో మోచేత్తో ఒక్కటి పొడిచింది.

దీపాలు వెలిగాక జనం చుట్టూ మూగారు. చాలామంది కళ్లు తడిగా ఉన్నాయి. ఇంతగా హృదయాన్ని తాకిన సినిమా ఇంతవరకూ చూడలేదని చేతులు పట్టుకుని చెప్పారు. అందరూ వెళ్లాక విజయరత్నంగారు అల్లుడి ఎదురుగా వచ్చి నిలబడ్డారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పెట్టుకుని అతని ముఖంలోకి చూశారు. చూసి, ఇక ఆపుకోలేక, గోడ పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు మెట్లెక్కి బయటి వీధిదాకా వినిపించింది. కాలేబు ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ తరువాత కళ్లు తేలేసి కట్టెలా వెనక్కి పడిపోయాడు.

వారం తిరక్కుండా స్కార్‌బరో సంఘంవాళ్లు ఫోన్ చేసి ఆ సినిమా తమకూ కావాలన్నారు. కాలేబు ఆడియో ఫైలు పంపించాడు.