వారం దాటని ఫిర్యాదు

ఫిర్యాదుల శాఖ మంత్రిగారు మైకు అందుకుని ప్రకటించారు: "మా హయాంలో వారం దాటిన ఫిర్యాదు ఒక్కటి కూడా లేదు. నమ్మకపోతే కంప్యూటర్‌ని అడగండి!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. మా కుళాయి ఎండిపోయి రెండు నెలలైంది. ఫిర్యాదు వారం దాటితే అధికారి స్వయంగా ఇంటికి రావాలని రూలు. ఆ వారమే దాటడం లేదు. పక్కవీధి నుంచి బిందెలు మోసి మోసి మా ఆవిడకి నడుం పట్టేసింది. ఇప్పుడు బిందె నా భుజానికి ఎక్కింది.

కౌంటర్ దగ్గర గుమాస్తా తెర చూసి, "ఫిర్యాదు చేసి మూడు రోజులేగా అయింది! ఏమిటండీ తొందర?" అన్నాడు.

"పోయిన నెలా మూడు రోజులే అన్నారు కదండీ."

"చూశారా మరి! మాది ఒకటే మాట."

సర్వర్ గడియారం దానంతటదే వెనక్కి పోతోందని పత్రికలు గోల పెట్టాయి. వెంటనే కమిటీ పడింది. బ్యాటరీ మార్చారు, వెనక్కి పోయింది. సర్వర్ మార్చారు, పోయింది. గదికి ఏసీ పెట్టించారు, ఈసారి చల్లగా పోయింది.

చివరికి ఒక ఇంజనీరమ్మ పట్టేసింది. "సర్వర్‌లో లోపమేం లేదు సార్. అది టైము మంత్రిగారి కంప్యూటర్‌ని అడిగి పెట్టుకుంటోంది. శాఖంతా మంత్రిగారి టైము ప్రకారమే నడవాలని ఉత్తర్వు ఉందిగా!"

కమిటీ మంత్రిగారి పీఏ వైపు తిరిగింది.

"నేనే తిప్పుతున్నానండీ," అన్నాడు పీఏ వినయంగా. "సార్ సోమవారం ఆఫీసుకి వస్తానన్నారు. ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆ సోమవారాన్ని కాపాడుకోవద్దూ? రెండు మూడు రోజులకోసారి వెనక్కి తిప్పేస్తున్నాను. సార్ లేటని రికార్డులో పడితే మన పరువేం కాను?"

ఆ స్వామిభక్తికి కమిటీ కళ్లు చెమర్చాయి. ఇంజనీరమ్మకి ప్రశంసాపత్రం, బదిలీ ఉత్తర్వు ఒకే కవరులో పెట్టి ఇచ్చారు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. నామినేషన్లకి వారం గడువు. ఆ వారాన్నీ పీఏ మంత్రిగారి కంప్యూటర్‌కే లెక్కకిచ్చాడు. మంత్రిగారు ఎప్పుడు ఫోన్ చేసినా పీఏ తన ముందున్న తెర చూసి, "ఇంకా నాలుగు రోజులుంది సార్" అనేవాడు. ఆయన తీరిగ్గా, డప్పులతో బయల్దేరారు.

నామినేషన్లు తీసుకునేది ఫిర్యాదుల కౌంటర్ పక్క గదిలోనే. అధికారి తలుపుకి తాళం వేస్తున్నాడు.

"గడువు నిన్నటితో అయిపోయిందండీ."

"ఎలా అయిపోతుందయ్యా? నా కంప్యూటర్‌లో ఇంకా నాలుగు రోజులుంది!"

"అయితే ఫిర్యాదు పెట్టుకోండి సార్. పక్కనే కౌంటర్."

డప్పులు ఆగిపోయాయి. మంత్రిగారు చెమటలు కక్కుతూ కౌంటర్ దగ్గరికి వచ్చారు. గుమాస్తా తలెత్తకుండానే టైపు చేసి, "నమోదైందండీ. వారంలో అయిపోతుంది," అన్నాడు.

నేను బిందె పక్కకి జరిపి, ఎదురుచూసేవాళ్ల లైన్లో నా వెనక ఆయనకి చోటిచ్చాను.