వేమగల్ ఫ్యాక్టరీలో లీకేజీ

ఆ రోజు పొద్దున నేత్రావతి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. వేమగల్‌లోని రంగుల ఫ్యాక్టరీ నుంచి తొలిసారి విదేశానికి వెళ్తున్న, రంగును పలుచన చేసే థిన్నర్ డ్రమ్ములను మధ్యాహ్నంలోగా కంటైనర్‌లోకి ఎక్కించాలి. కొనే కంపెనీ తరఫున బెంగళూరు నుంచి గిరీశ్ అనే ఇన్‌స్పెక్టర్ వచ్చి, పనివాళ్లు శిక్షణ ప్రకారం చేస్తున్నారో లేదో చూసి సంతకం పెడతాడు. లారీ చెన్నై రేవుకు కదులుతుంది. సంతకం పడకపోతే ఈ పని ఇంకో ఫ్యాక్టరీకి పోతుంది, దీనికోసమే చేర్చుకున్న పన్నెండుమందీ ఇంటిదారి పడతారు. వాళ్లకు పాఠం చెప్పిన నేత్రావతికి ఆ ఊహే నచ్చలేదు. నచ్చనిదాన్ని జరగనిచ్చే మనిషి కాదామె.

నెల రోజులుగా ఆమె వాళ్లకు నిద్రలో లేపి అడిగినా చెప్పేటట్టు పాఠం నూరిపోసింది. ఓడ ఊగుతుంది, డ్రమ్ము మాత్రం కదలకూడదు. మంట బొమ్మ ఉన్న లేబుల్ పైకి కనబడాలి. అగ్గిపుల్ల గేటు దాటకూడదు. ఏదైనా కారితే ఈల వేసి, గేటు మూసి, అందరూ సైకిల్ స్టాండు దగ్గరికి చేరాలి. చివరి పాఠం మరీ గట్టిగా చెప్పింది. "ఏమీ కాలేదు, రండి అని ఎవురు పిలిచినా నమ్మొద్దు. ఓనర్ చెప్పినా, నేను చెప్పినా నమ్మొద్దు. పరీక్ష చేసేదాకా అది విషమే."

ఇంత పకడ్బందీ ఏర్పాటులో ఓనర్ హనుమంతయ్యగారి తల్లికి చోటు లేదు. రాబర్ట్‌సన్‌పేటలో ధాన్యం అంగడి నడిపిన రోజుల్లో అంబుజమ్మ హారతి ఇవ్వకుండా ఒక్క మూట బయటికి పంపలేదు. ఇప్పుడు సరుకు సముద్రమే దాటుతోంది. ఆమె ఊరుకుంటుందా? బుట్టతో సహా కారు దిగింది. గేటు కాపలా గుండప్ప అడ్డం నిలబడ్డాడు.

"బుట్టలో ఏముండాదమ్మా?"

"కర్పూరం, అగ్గిపెట్టె, గుమ్మడికాయ. బండికి హారతి ఇయ్యాల."

"అగ్గిపెట్టె లోపలికి ఇడిసేది లేదు."

"నేనెవురో తెలుసునా?"

"తెలుసమ్మా. ఓనర్ చెప్పినా ఇడవద్దని మేడమ్ చెప్పినారు. మీ గురించి వేరేగా చెప్పలేదు."

అంబుజమ్మ మళ్లీ కారెక్కి కూర్చుని, హారతి అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని ప్రకటించింది. అది విని లారీ డ్రైవర్ మునేష్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "కొత్త బండి మేడమ్. దిష్టి తీయకుండా చెన్నైదాకా పొయ్యేది నా వల్ల కాదు" అన్నాడు. హనుమంతయ్య అమ్మ వైపూ నేత్రావతి వైపూ చూస్తూ కళ్లజోడు తుడుచుకున్నాడు. ఇక నేత్రావతే దిగివచ్చింది.

"నిప్పు ఒకటి లేకుండా ఏమన్నా చేసుకోండమ్మా."

"అయితే గుమ్మడికాయ కొట్టిస్తాను" అంది అంబుజమ్మ వెంటనే.

గుమ్మడికాయ ప్రమాదకర సరుకుల్లో లేదని నేత్రావతి మనసులోనే సరిచూసుకుని ఒప్పుకుంది. అగ్గిపెట్టె గుండప్ప దగ్గరే పెట్టించి ఆమెను లోపలికి రానిచ్చింది. అంబుజమ్మ ఏం చేసినా ధారాళంగా చేస్తుంది. కాయ నిండా కుంకుమ కూరింది. మునేష్ దాన్ని లారీకి అవతలి పక్కన కొట్టి, ముక్కలను చక్రాల వెనక్కి తోశాడు. ఆమె పళ్లెంలోని ఎర్రనీళ్లు కూడా పైన గుమ్మరించి, కుర్చీ తెప్పించుకుని కూర్చుంది. ఆ ఎరుపంతా కలిసి కంటైనర్ కిందుగా ఇవతలికి పారింది.

ఎక్కించగా మిగిలిన డ్రమ్ములకు గోదాములో పట్టీలు బిగిస్తున్న కొత్త పనిమనిషి, ఆ పన్నెండుమందిలో ఒకతె అయిన రత్నకు ఈ పూజ సంగతి తెలియదు. బయటికొచ్చి ఎర్రటి పాయను చూసింది. రంగో థిన్నరో అని క్షణం కూడా ఆలోచించలేదు, ఈల వేసింది.

"లీక్! లీక్! అందరూ సైకిల్ స్టాండుకి!"

గుండప్ప గేటు మూశాడు. ఇంకో పనివాడు దాసప్ప ఇసుక బకెట్లు కుమ్మరించాడు. ఇద్దరు అంబుజమ్మను కుర్చీతో సహా ఎత్తుకుపోయారు. హనుమంతయ్యను రెక్క పట్టుకుని లాక్కెళ్లారు.

"ఏమీ లేదు, రండి! అది గుమ్మడికాయ!" అని నేత్రావతి గొంతు చించుకుంది.

"మేడమ్ మనకి పరీక్ష పెడతా ఉండారు. ఎవురూ కదలొద్దండి" అంది రత్న.

నేత్రావతి ముక్క తీసి చూపిద్దామని వంగితే రత్న ఆమె నడుం పట్టి వెనక్కి లాగింది. "గ్లౌజులు లేకుండా ముట్టేది ఉండాదా మేడమ్?" అని కేకలేసింది. నేత్రావతికి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆవిరి తగిలిందని ఆస్పత్రికి మోసుకుపోతారేమోనని ఆపుకుంది.

సరిగ్గా అప్పుడే గేటు బయట కారు హారన్ మోగింది.

"లీక్ అయింది సార్. రానిచ్చేది లేదు" అన్నాడు గుండప్ప.

"నేను ఇన్‌స్పెక్టర్‌ని."

"అయితే మీకే బాగా తెలిసుండాల సార్."

గిరీశ్ ఎండలో చువ్వలు పట్టుకుని అంతా చూస్తూ నిలబడ్డాడు. పన్నెండుమంది బతుకులూ గంగలో కలిశాయని నేత్రావతి అనుకుంది. రత్న మాస్కు, గ్లౌజులు వేసుకుని వెళ్లి, పట్టకారుతో ఒక ముక్క ఎత్తి, అటూ ఇటూ తిప్పి గంభీరంగా ప్రకటించింది. "ఇది గుమ్మడికాయే."

గేటు తెరుచుకుంది. అబద్ధంతో సంతకం సంపాదించకూడదని నేత్రావతి గుండె గట్టి చేసుకుంది. "సార్, ఇది మేము పెట్టిన డ్రిల్ కాదు. దిష్టికి కొట్టిన గుమ్మడికాయ. వీళ్లు నిజంగానే లీక్ అనుకున్నారు."

"ముందే తెలిసుంటే ఎవరైనా బాగానే చేస్తారు మేడమ్" అన్నాడు గిరీశ్ చెమట తుడుచుకుంటూ. "ఎన్నో ఫ్యాక్టరీలు చూసినాను. నన్ను బయట నిలబెట్టింది మీరొక్కరే." కారు బానెట్ మీదే సంతకం పెట్టేశాడు. నేత్రావతి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఈసారి ఆపుకోలేదు. "ఇంగ నెలనెలా ఇట్లే ఎవరికీ చెప్పకుండా ఒక గుమ్మడికాయ కొట్టండి. నా రిపోర్టులో కూడా రాస్తాను. కొట్టేది మాత్రం మీరే" అన్నాడు ఆయన.

పొద్దున హారతిని గేటు బయటే ఆపించిన నేత్రావతి సరేనని తలూపింది. అంబుజమ్మ అప్పటికే పంచాంగం తెరిచింది. లీకేజీ ఎప్పుడైనా జరగొచ్చుగానీ, రాహుకాలంలో మాత్రం కుదరదట.