అర్ధగీతాన్వేషణము అను గుణశేఖర మీసవిజయము

జ్యేష్ఠం గడిచి ఆషాఢం అడుగిడగా, చెన్నై బెంగళూరు మహామార్గానికి ఇరువైపులా తోతాపురి అనబడు బెంగుళూరా మామిడికాయలు పసుపు తిరగగా, బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీ ముంగిట ట్రాక్టర్లూ టెంపోలూ లారీలూ చతురంగబలాలై బారులు తీరగా, ఆ సమస్త సేనావాహినిని ఒక్క ఈలతో శాసించు యార్డు మేస్త్రీయు, ఇరవై రెండేండ్లుగా కత్తెర తప్ప కత్తి ఎరుగని కోరమీస విరాజితుడును అయిన గుణశేఖరుని బుర్రలోకి ఒకానొక గురువారం నాడు ఒక పాట చొరబడింది.

చొరబడినది పాట మొత్తం కాదు, సగమే. "తాన తన్నన తానన తా" అన్నంతవరకు వచ్చి, ఆ చివరి 'తా' వద్ద ఠక్కున ఆగిపోతుంది. దాని తరువాయి ఏమిటో, మాటలేమిటో, ఎక్కడ విన్నాడో ఆ వీరునికి తెలియదు. పండ్లు తోముతుంటే అదే, సంగటి ముద్ద మింగుతుంటే అదే, వాహనాలను వెనక్కు రప్పించి గట్టుకు ఆనించి కాయలు దింపిస్తుంటే అదే. మూడు రోజులకే మనిషి సగమయ్యాడు.

ప్రథమ యుద్ధం ఇంట్లోనే జరిగింది. ధర్మపత్ని జయంతి ముందు నిలిచి, గొంతు సవరించుకొని, ఆ అర్ధగీతాన్ని ఆలపించాడు. ఆ ఇల్లాలు అట్లకాడ పైకెత్తి ఆలకించి, "మిక్సీ తిరిగినట్టుండాది. పాట మాదిరి లేదే" అని తీర్పు చెప్పింది.

"ఫోనుకు వినిపించు నాయనా. అదే కనిపెట్టి సెప్తాది" అని కూతురు రూపశ్రీ దివ్యాస్త్రాన్ని చేతికిచ్చింది. గుణశేఖరుడు పాడాడు. ఫోను మొదటిసారి ఏదో మంచుదేశపు జోలపాటను చూపింది. రెండవసారి ఏమీ దొరకలేదంది. మూడవసారి, శబ్దం తక్కువగా ఉన్న చోటికి వెళ్ళి ప్రయత్నించమని సలహా ఇచ్చింది.

ఆదివారం పూటసెలవు పెట్టి, బస్సెక్కి, నిలబడే తిరుపతి దాకా దండయాత్ర చేశాడు. అక్కడ కృష్ణస్వామి అనే విశ్రాంత సంగీతోపాధ్యాయులు, కళ్ళు మూసుకొని ఏడుసార్లు పాడించుకొని, "పైకి పోయేటప్పుడు మోహనలాగా ఉంది నాయనా. కిందికి వచ్చేటప్పుడు ఏ రాగమూ కాదు. మంచినీళ్ళు తాగి వెళ్ళు" అని సాగనంపారు.

సోమవారం ఉదయం ఈ పరాజయ పరంపర ఆదిమూలం చెవిన పడింది. ఆదిమూలం ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఆవల, క్షౌరశాల నడిపేవాడు. ఇరవై రెండేండ్లుగా ఆ మీసంపై కన్ను వేసి కాచుకొని ఉన్నవాడు. టీ గ్లాసు చేతబట్టి పదుగురు డ్రైవర్ల నడుమ నిలిచి, "అర పాట గుర్తు పెట్టుకోలేని మూతికి అంత మీసం యాల అప్పా?" అన్నాడు.

అంతట గుణశేఖరుడు ఈల నోటి నుండి తీసి, మీసం మెలివేసి, దిక్కులు పిక్కటిల్లునట్లు భీషణ ప్రతిజ్ఞ చేశాడు.

"సూడు ఆదిమూలం. మీరందరూ ఇనండి. ఈ పొద్దు గుంకేలోపల ఆ పాట యాడిదో, దాని మిగతా సగమేందో కనిపెట్టి నీ అంగట్లో నిలబడి పాడతా. పాడలేకపోతే ఈ మీసం నీ కత్తికి ఇచ్చేస్తా. తిరుమల కొండమీద గుండు కొట్టించుకున్న నాడు గూడా దీన్ని ముట్టనియ్యలేదు నేను."

అన్నాడే గాని, ఆ వెంటనే మీసాన్ని ఒకసారి తడిమి చూసుకున్నాడు. డ్రైవర్లు ఆగేది తన ఈలకు కాదనీ, ఈల వెనకనున్న మీసానికనీ ఆ వీరుని గాఢ విశ్వాసం. ఆ మీసమే పోతే రేపటి నుంచి తన చేయి చూసి ఏ ట్రాక్టరు ఆగుతుంది?

ఆనాడు నూటపది బండ్లను "రానీ, రానీ" అంటూ ఈల ఊది వెనక్కు రప్పించాడు. బండికీ బండికీ నడుమ కనబడినవాడినల్లా ఆపి పాడి వినిపించాడు. ఒకడు భజన అన్నాడు, ఒకడు ఎన్నికల ప్రచారం అన్నాడు. పొద్దు కొండమీదికి వాలింది.

ఆడినమాట తప్పని ఆ మహానుభావుడు ఈలను మేకుకు తగిలించి, రోడ్డు దాటి, క్షౌరపీఠం అధిష్ఠించాడు. ఆదిమూలం నురుగు పూసి, పొద్దు పూర్తిగా గుంకకముందే, ఆత్రం కొద్దీ ఎడమ మీసాన్ని నేలపాలు చేశాడు.

సరిగ్గా అప్పుడు, తన ఈల తాను ఊదని ఆ క్షణాన, నాలుగు రోజులుగా ఎన్నడూ లేని నిశ్శబ్దంలో, ఎదుటి యార్డులో మునివెంకటప్ప అనే డ్రైవరు తన టెంపోను తానే గట్టు వైపు వెనక్కు పోనిచ్చాడు. టెంపో వెనక నుండి పాట వినబడింది.

"తాన తన్నన తానన తా."

టెంపో గట్టుకు ఆనింది. పాట ఆగింది.

గుణశేఖరుడు నురుగుతో లేచి, గుడ్డతో సహా రోడ్డుమీదికి దూకాడు. వెనకే కత్తితో ఆదిమూలం. బస్సు ఒకటి హఠాత్తుగా ఆగగా, ప్రయాణికులందరూ అది హత్య అనుకొని లేచి నిలబడ్డారు.

"మునివెంకటప్పా, ఇది యాడ పాట?"

"రివర్సు హారన్ అన్నా. పోయిన గురువారమే చిత్తూరులో బిగించినాను. ఎనక్కి పోతే మోగతాది."

ఆదిమూలం రొప్పుతూ వచ్చి ధర్మసూక్ష్మం లేవనెత్తాడు. "మిగతా సగం పాడతానంటివే. అది యాడ?"

నిజమే. గేటు నుంచి గట్టుకు ఉన్న దూరానికి ఎప్పుడూ అంతే మోగేది. గుణశేఖరుని కళ్ళలో మెరుపు మెరిసింది. మేకునున్న ఈల అందుకొని నోట పెట్టాడు. బారులు తీరిన ట్రాక్టర్లు చీలి దారి ఇచ్చాయి. టెంపో ముందుకు వెళ్ళి, గేటు దాటి, పక్కరోడ్డు చివరిదాకా వెళ్ళి, అక్కడి నుండి వెనక్కు రావడం మొదలుపెట్టింది. అరమీసంతో గుణశేఖరుడు చేయి ఊపుతూ పక్కనే పరిగెత్తాడు. ఈసారి ఊదలేదు, విన్నాడు.

"తాన తన్నన తానన తా." డ్రైవర్లందరూ బండ్లలోంచి తలలు బయటపెట్టారు.

"తాన తన్నన తానన తా. తాన తన్నన తానన తా."

గేటుదాకా అదే.

"ఇది మొదలే గదప్పా" అన్నాడు ఆదిమూలం, నీరసంగా.

"కొన్నప్పుడు ఇంతే ఉన్నింది" అన్నాడు మునివెంకటప్ప. "ఇంకేం లేదు దీంట్లో."

లేని సగం కోసం తిరుపతి దాకా నిలబడి పోయివచ్చిన ఆ ధీరుడు మళ్ళీ రోడ్డు దాటి, క్షౌరశాల నడుమ నిలబడి, కొండమీద ఇంకా పిడికెడు ఎండ ఉండగానే, మొదటి సగాన్ని రెండుసార్లు పాడి ప్రతిజ్ఞ చెల్లించాడు. ఆదిమూలం తల వంచి కత్తి మూశాడు. డ్రైవర్లు హారన్లు మోగించారు.

కుడి మీసం నిలిచింది. ఎడమ మీసం లేదు. గుణశేఖరుడు అద్దంలోకి చాలాసేపు చూసి, ఆ కత్తి మళ్ళీ తెరవమన్నాడు.

ఇంటికి చేరిన బోడిమూతిని చూసి జయంతి అడిగింది. "ఏమయ్యా, ఓడిపోయినావా?"

"గెలిచినాను. ఎడమది వాడు తొందరపడి తీసినాడు. కుడిది నేను గెలిచి తీయించినాను."

ఇట్లు చిత్తూరు సీమలో, గెలిచి గొరిగించుకొన్న ఆ అరమీసపు కీర్తి సూర్యచంద్రులు ఉన్నంతకాలం, లేదా అది మళ్ళీ మొలిచేదాకా, వర్ధిల్లుగాక. మరునాడు తెల్లవారి ఈల మోగగానే ట్రాక్టర్లన్నీ ఆగాయి.